తప్పుల కట్ట

పొద్దున్న లేవగానే, ఇంకా ముఖమైనా కడుక్కోకముందే, ఆమె మంచం పక్క గూట్లోంచి అరచేతంత అట్టముక్క ఒకటి తీసుకుని దాని మీద పరీక్ష పుస్తకంలోంచి ఒక ప్రశ్న రాసేది. రోజుకి ఒక్కటే. ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు. రాయడం అయ్యాక ఆ అట్టముక్కని అత్తగారి చేతికిచ్చేది. అత్తగారు కళ్లజోడు వెతుక్కుని, పుస్తకం వెనక పేజీలు తిప్పి, సరైన జవాబు అంకె ఏదో చూసి, అట్ట వెనకవైపు వేసి కోడలి సంచిలో పడేసేది. "నాకు తెలిసిపోయింది, నీకు తెలీదు. సాయంత్రం దాకా ఉడుక్కో" అని రోజూ అదే మాట అనేది.

ఎనిమిది నెలలపాటు ఈ పని ఒక్కరోజు కూడా తప్పలేదు. జ్వరం వచ్చిన రెండు రోజులూ పడుకునే రాసింది. అక్షరాలు కాస్త వంకర పోయాయి, అంతే.

ఆ అట్టముక్కలు చివరికి చేరేది నా దగ్గరికి. మా ఆసుపత్రిలో బట్టల గది నేను చూస్తాను. దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల గౌన్లు, తువాళ్లు ఉతికి వచ్చినవి అరల్లో సర్దడం, అడిగినవాళ్లకి ఇవ్వడం, మాసినవి విడదీసి ఉతకడానికి పంపడం నా పని. మా వార్డులో ఆయా అయిన ఆమె డ్యూటీకి రాగానే నా బీరువా తలుపు లోపలివైపు ఆరోజు అట్టని బట్టల క్లిప్పుతో తగిలించేది. దుప్పట్ల కోసం రోజుకి పది పదిహేను సార్లు నా గదికి వస్తుంది కదా, వచ్చినప్పుడల్లా తలుపు తెరిచి ఒకసారి చదువుకునేది. పెదవులు కదులుతూ ఉండేవి. డ్యూటీ దిగేటప్పుడు నా ముందు నిలబడి "మూడు, వదినా" అనో "ఒకటి" అనో చెప్పేది. తను ఎంచుకున్న అంకెని పెన్సిలుతో అట్ట మీద వేసేది. అప్పుడు నేను అట్ట తిప్పాలి. అంతకుముందు తిప్పడానికి వీల్లేదు. జవాబు సరైతే ఖాళీ బిస్కెట్ డబ్బాలో వెయ్యాలి. తప్పైతే చిరిగిన దుప్పటి అంచుతో కట్టిన కట్టలో చేర్చాలి.

"దేవుణ్ణి నమ్ముకున్నదానివి, నా మీద జాలిపడి అంకె మార్చవు. అందుకే నీ దగ్గర పెడుతున్నా" అంది మొదటిరోజు.

"జాలిపడితే దుప్పటి ఒకటి ఎక్కువిస్తాను గానీ అంకె మార్చను" అన్నాను.

ఆమెని మా ఆసుపత్రిలో అందరూ కబురక్క అంటారు. పంతొమ్మిదేళ్లు ఆయాగా చేసింది. నాలుగో మంచానికి సెలైన్ అయిపోవచ్చింది, తొమ్మిదో మంచం ఆయనకి ఒళ్లు కాలిపోతోంది, పదకొండో మంచం అమ్మాయి ఏడుస్తోంది... వార్డులో ఏ మూల ఏం జరిగినా సిస్టర్లకి ముందు చేరవేసేది ఆమే. కాళ్లకి చక్రాలు కట్టుకున్నట్టు తిరిగేది. "సిస్టర్‌కి చెప్పొస్తా" అన్నది ఆమె నోట్లో ఊపిరిలా ఆడే మాట. ఎవరు ముందు పిలిచారో తెలీదు, ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఆమె కూడా ఆ పేరుకే పలికేది, ఒక్కోసారి మొగుడు కూడా నవ్వుతూ అలాగే పిలిచేవాడు.

అసలు నర్సు కావాలని ఆమెకి ఎందుకు పుట్టిందో నాకు ఒక్కసారే చెప్పింది. కొన్నేళ్ల క్రితం వార్డులో ఒక ముసలమ్మ ఉండేదట. ఒకరోజు మధ్యాహ్నం నొప్పితో మెలికలు తిరుగుతూ కబురక్క చెయ్యి పట్టుకుంది. "ఉండమ్మా, సిస్టర్‌కి చెప్పొస్తా" అని ఈమె చెయ్యి విడిపించుకోబోయింది. ఆ ముసలమ్మ విడవకుండా అందట, "అందరూ చెప్పడానికే వెళ్తున్నారు తల్లీ, ఎవరూ ఉండటం లేదు." తర్వాత ఆ ముసలమ్మ బాగుపడి ఇంటికి వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం ఈమె దగ్గరే ఉండిపోయింది.

ముప్పై ఎనిమిదో ఏట నర్సింగు చదువులో చేరింది. తరగతిలో పిల్లలంతా పిన్నీ అని పిలిచేవారు. డ్యూటీ, ఇల్లు, చదువు మూడూ మోసింది. కోర్సు పాసైంది. కానీ కోర్సు పాసైతే సరిపోదు, ఆ తర్వాత లైసెన్సు పరీక్ష ఒకటుంది. అది పాసైతేనే రోగికి సూది వేసే అర్హత. ఆ పరీక్ష ఆమె రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే మళ్లీ కోర్సు మొదట్నుంచీ చదవాలని నిబంధన.

రెండోసారి తప్పినరోజు నా గదికి వచ్చి మడతపెట్టిన కంబళ్ల దొంతర మీద కూలబడింది. ఏడవలేదు. "ఇంకొక్కసారి ఉంది వదినా. అది కూడా పోతే మళ్లీ ఆ పిల్లల మధ్య కూర్చునే ఓపిక నాకు లేదు. ఇంక ఆయాగానే ఉండిపోతాను" అంది.

మంచినీళ్లిచ్చాను. తాగి గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్లింది. ఎంత బాధలో ఉన్నా ఎదుటి మనిషికి పని మిగల్చదు.

ఆ మర్నాడు పెద్ద సిస్టరమ్మ ఆమెని పిలిపించారు. పెద్ద సిస్టరమ్మ అంటే మా వార్డుకి పెద్ద, ముప్పై ఏళ్ల అనుభవం. ఆవిడకి ముక్కు మీద కోపమని అందరూ అంటారు గానీ, చలిరోజుల్లో ఆయాల కోసం ఒక ఫ్లాస్కు టీ ఎక్కువ తెచ్చేది కూడా ఆవిడే. నేను తువాళ్లు పెట్టడానికి వెళ్లి అక్కడే ఉన్నాను.

"ఏ పుస్తకం చదివావ్?" అని అడిగారు.

కబురక్క సంచిలోంచి తీసి ఇచ్చింది. పలచటి పుస్తకం, నలిగి మూలలు ముడుచుకుపోయాయి. "ఇందులో వందకి తొంభై వస్తున్నాయండీ నాకు. పరీక్షలోనే ఏమవుతోందో తెలీటం లేదు."

పెద్ద సిస్టరమ్మ రెండు పేజీలు తిప్పారు. "జ్వరం దేనితో చూస్తారు? థర్మామీటరుతో. భలే! నా మనవరాలు కూడా చెప్తుంది." పుస్తకం మూసి పక్కన పెట్టేశారు. "ఇది నిన్ను పొగుడుతోందమ్మా. రోజూ పొద్దున్నా సాయంత్రం నిన్ను కూర్చోబెట్టి పొగుడుతోంది. నిన్ను తిట్టే పుస్తకం కావాలి."

మర్నాడు ఆవిడే ఇంటినుంచి లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చిచ్చారు. అందులో ప్రశ్నలకి నాలుగు జవాబులూ సరైనవిలాగే ఉంటాయి. ముందు ఏది చేస్తావు, అందరికంటే ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు అన్నదే అడుగుతారు. ఆ ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లేసరికి కబురక్క పుస్తకం ముందు పెట్టుకుని గోడకేసి చూస్తోంది. వంద ప్రశ్నలు చేసిందట, ముప్పై ఎనిమిది వచ్చాయి.

"ముప్పై ఎనిమిదా! మా అబ్బాయికి స్కూల్లో ఎప్పుడూ అన్ని రాలేదు" అంది అత్తగారు.

"అమ్మా, ఇప్పుడు నా మార్కులెందుకు?" అన్నాడు ఆమె భర్త మూలనుంచి. ఆయన మందుల గోడౌనులో పని చేస్తాడు. మాట తక్కువ మనిషి. రోజుకో ప్రశ్న రాసుకుంటానని ఆమె అడిగిందట, ఖాళీ మందుల డబ్బాల అట్టలని కత్తెరతో ఒకే కొలతలో కత్తిరిస్తున్నాడు. పెళ్లాం చదువు గురించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు, ఆ తర్వాత గూట్లో అట్టముక్కలు మాత్రం ఏనాడూ అయిపోనివ్వలేదు.

కబురక్క నావైపు తిరిగింది. "తిట్టమన్నారుగా, తిడుతోంది. తిట్టనీ వదినా. తిట్టి తిట్టి అదే అలసిపోవాలి" అంది. ఆ మర్నాటినుంచే అట్టముక్కల అలవాటు మొదలైంది.

మొదట్లో వార్డులో కొందరు నవ్వారు. వాచ్‌మెన్ అయితే "ఏం కబురక్కా, ఇవాళ బీరువాలో ఏ రోగం వేలాడదీశావ్?" అని రోజూ అడిగేవాడు. వంటగది అమ్మ తలుపు తెరిచి చదివి "నాలుగూ చేసేస్తే పోలా?" అనేది. ఈమె ఎవర్నీ ఏమీ అనేది కాదు. నవ్వేది, దుప్పట్లు తీసుకునేది, వెళ్లేది.

నాలుగో నెల వచ్చేసరికి బిస్కెట్ డబ్బా సగం కూడా నిండలేదు, తప్పుల కట్ట మాత్రం రెండు చేతులా పట్టుకోవాల్సినంత అయింది. నూటపది అట్టల్లో అరవై నాలుగు తప్పులు. ప్రతి సాయంత్రం ఆమె ఆ రోజు తప్పుకి కారణం పుస్తకంలో చదువుకునేది. "ఓహో, ఇక్కడ రక్తం ఆపాలన్నమాట" అని తల ఊపేది. ఆ ప్రశ్న మళ్లీ వస్తే తప్పేది కాదు. కొత్తది వస్తే మళ్లీ తప్పు. పరీక్షకి ఇంకా మూడున్నర నెలలుంది. మొదటిసారి ఆమె ముఖంలో భయం కనిపించింది నాకు.

ఒకరోజు ముసురు పట్టి ఉతికిన బట్టలు ఆరలేదు, నాకు చెయ్యడానికి పనిలేదు. ఆ కట్ట విప్పి బల్ల మీద పరిచాను. నాకు నర్సింగు తెలీదు. నేను చదివింది మా ఊరి బళ్లో, అది కూడా పై తరగతులు లేని బడి. కానీ మాసిన బట్టలు విడదీయడం తెలుసు. నాకు ముందు ఈ గది చూసిన పెద్దావిడ ఎప్పుడూ చెప్పేది, "మాసినవి ఎన్నున్నాయో చూడకు, ఏ మరకో చూడు" అని. నెత్తురు మరకని చన్నీళ్లలో వెయ్యాలి, నూనె మరకని వేణ్ణీళ్లలో. అన్నీ కలిపి ఒకే తొట్టిలో పోస్తే నెత్తురు మరక గుడ్డకి పట్టేసి ఇంక జన్మలో పోదు. ఈ తప్పుల్ని కూడా అలాగే విడదీద్దామనుకున్నాను.

ముందు జబ్బుల ప్రకారం పెట్టాను. గుండెవి ఒక పక్క, పసిపిల్లలవి ఒక పక్క, కాన్పులవి ఒక పక్క. అన్నిట్లోనూ తప్పులున్నాయి, ఏదీ ఎక్కువ కాదు. ఆ తర్వాత ఆమె పెన్సిలుతో అంకె వేసిన జవాబు ఏముందో చదువుతూ పెట్టాను. రక్తం ఎక్కిస్తుంటే రోగికి వణుకూ నడుంనొప్పీ మొదలయ్యాయి, ముందేం చేస్తావు? ఆమె పెట్టింది, డాక్టరుకి తెలియజేస్తాను. కాన్పైన తల్లికి రక్తం ఎక్కువగా పోతోంది, గర్భసంచి మెత్తగా ఉంది, ముందేం చేస్తావు? సీనియర్ సిస్టర్‌ని పిలుస్తాను. నేను ఒక్కొక్కటీ పక్కన పెడుతున్నకొద్దీ ఒకే కుప్ప పెరుగుతోంది. అరవై నాలుగులో నలభై ఒకటి ఆ కుప్పలోనే ఉన్నాయి.

అంతలో కబురక్క గలీబుల కోసం వచ్చింది. "ఇదేంటి వదినా, నా తప్పులన్నీ ఆరేశావ్? ఊరంతా చూడటానికా?"

"మరకలు చూస్తున్నా. ఇలా రా" అన్నాను. "ఇవన్నీ ఒకటే మరక కబురక్కా. చదువు."

నిలబడే నాలుగైదు చదివింది. తర్వాత కూర్చుని అన్నీ చదివింది. చివరికి అట్టలు వదిలి నా ముఖంలోకి చూసింది.

"పరీక్షలో కూడా నేను ఆయాగానే కూర్చుంటున్నా వదినా" అంది.

ఆ కుప్పకేసి వేలు చూపిస్తూ మళ్లీ అంది.

"ప్రశ్న చదవగానే నా కాళ్లు సిస్టర్ గదివైపు పరిగెడుతున్నాయి. పంతొమ్మిదేళ్లు నాకు అన్నం పెట్టిన అలవాటు ఇది. దీన్ని ఎలా ఉతకమంటావ్?"

"చన్నీళ్లలో. తొందరపడకుండా" అన్నాను. అప్పుడు నవ్వింది, కళ్లనిండా నీళ్లతోనే.

ఆ కుప్ప పట్టుకుని పెద్ద సిస్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ అట్టలన్నీ చూశారు. కోప్పడతారనుకున్నాను. కుర్చీ లాగి కబురక్కని ఎదురుగా కూర్చోమన్నారు.

"ఇన్నేళ్లూ నువ్వు చేసింది తప్పు కాదమ్మా. నువ్వు పరిగెత్తుకొచ్చి చెప్పబట్టే మేం ఎంతోమందిని కాపాడుకున్నాం. కానీ ఆ ప్రశ్నలో నువ్వు కబురు తెచ్చేదానివి కాదు, కబురు అందుకున్నదానివి. నీ వెనక ఎవరూ లేరనుకో. చూడాల్సింది చూడు, చెయ్యాల్సింది చెయ్యి, అప్పుడు పిలువు. ఎక్కించే రక్తం ఒంటికి పడక వణుకుతున్నవాడిని వదిలేసి నువ్వు ఫోను దగ్గరికి పోతే, ఆ రక్తం ఎక్కుతూనే ఉంటుంది కదా?"

"ముందు ఆపాలి" అంది కబురక్క నెమ్మదిగా.

"ఆ. ముందు ఆపాలి."

అప్పట్నుంచీ ఇంట్లో అత్తగారే రోగి. పొద్దున్న అట్టముక్క అయ్యాక ఆవిడ మంచం మీద పడుకుని ఏదో ఒక జబ్బు పడేది. మొదటిరోజు నేను చూశాను. "అమ్మో, గుండె పట్టేస్తోంది!" అని ఆవిడ ఒక్క అరుపు అరిచింది.

కబురక్క ఉలిక్కిపడి వాకిలివైపు తిరిగింది. "ఉండండత్తయ్యా, ఆయన్ని పిలు..."

ముసలావిడ ఒక కన్ను తెరిచి చూసింది. "చచ్చాను."

"అత్తయ్యా!"

"నువ్వు మావాణ్ణి పిలిచేలోపే చచ్చాను. వాడు చెప్పులు వెతుక్కునేలోపు నా దినాలు కూడా అయిపోతాయి. లే, మళ్లీ మొదలెట్టు."

అలా ఆ ముసలావిడ ఆ మూడు నెలల్లో ఎన్నిసార్లు చచ్చిందో లెక్కలేదు. చచ్చినప్పుడల్లా ఒక కన్ను తెరిచేది. కొన్నాళ్లకి కబురక్క చెయ్యి ముందు నాడి మీదికి వెళ్లడం మొదలైంది. ఊపిరి చూడటం, పెదాల రంగు చూడటం, ఎక్కడ నొప్పో, ఎప్పట్నుంచో అడగడం. "ఇవాళ బతికానే కోడలా" అని ఆవిడ లేచి కూర్చున్న పొద్దున, కబురక్క నా గదికి పరిగెత్తుకొచ్చి మరీ చెప్పింది.

అసలు మార్పు నాకు వార్డులో కనిపించింది. ఒక మధ్యాహ్నం నేను దుప్పట్లు మారుస్తున్నాను. ఏడో మంచం ఆయన దిండు మీదనుంచి జారి వెల్లకిలా పడి ఉన్నాడు, ఛాతీ ఎగసిపడుతోంది. వెనకటి కబురక్క అయితే ఆ క్షణమే గుమ్మం దాటేది. ఆ రోజు దాటలేదు. మంచం పక్కనున్న మీట తిప్పి ఆయన తలవైపు ఎత్తింది, అది ఆయా చెయ్యదగిన పనే. గోడ గడియారం చూస్తూ నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టింది. "నేనిక్కడే ఉన్నానయ్యా, మెల్లగా ఊపిరి తీసుకో" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని, నావైపు చూడకుండానే "వదినా, ఆ గంట నొక్కు" అంది.

చిన్న సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. వెనకే పెద్ద సిస్టరమ్మ.

"ఏడో మంచం. నిమిషానికి ముప్పై నాలుగు ఊపిర్లు. పెదాలు నీలంగా ఉన్నాయి. తలవైపు ఎత్తాను, ఎత్తాక కొంచెం నయం. పావుగంట క్రితం బాగానే మాట్లాడాడు" అంది కబురక్క.

వాళ్లు ఆక్సిజన్ పెట్టారు, డాక్టరుగారు వచ్చారు, ఆయన తేరుకున్నాడు. అంతా అయ్యాక పెద్ద సిస్టరమ్మ కబురక్కని కిందనుంచి పైదాకా ఒకసారి చూశారు. మెచ్చుకోలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసి చేతికిచ్చి వెళ్లిపోయారు. నేను మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఆ ఏడో మంచం ఆయన కోసం సగం, ఈమె కోసం సగం.

అయితే కథ అక్కడితో చక్కబడలేదు. ఒక మరక పోగొట్టబోయి ఇంకోటి అంటించుకుంది. తర్వాతి నెలలో కట్టలోకి కొత్త రకం తప్పులు రాసాగాయి. ఒక అట్ట నాకు ఇప్పటికీ గుర్తు. ఆపరేషనుకి తీసుకెళ్లబోతున్న రోగి, సంతకం పెట్టేశాడు గానీ తనకి ఏ ఆపరేషను చేస్తారో తెలీదంటున్నాడు, ఏం చేస్తావు? నేనే కూర్చుని వివరంగా చెప్తానని పెట్టింది. నేను అట్ట తిప్పితే మూడు. అంటే ఆపరేషను చేసే డాక్టరుకి తెలియజేయాలి.

కబురక్కకి ఒళ్లు మండిపోయింది. "చెప్తే తప్పంటారు, చెప్పకపోతే తప్పంటారు! ఏంటి వదినా ఈ పుస్తకం, మా అత్తయ్యలా?"

ఈసారి నేను మరక చూడక్కర్లేకపోయింది. ఆమే నాలుగు రోజులు అట్టలు ముందు పెట్టుకుని కూర్చుంది. అయిదో రోజు దుప్పటి మడత పెడుతూ చెప్పింది, "నా చేతిలో పనుంటే ముందు అది చెయ్యాలి వదినా. నా చేతిలో పని కానప్పుడే చెప్పాలి. ఆపరేషను గురించి చెప్పడం డాక్టరు పని, నాది కాదు. రక్తం ఆపడం నా పని. ఇన్నాళ్లూ నా చేతిలో పని ఏదీ లేదనుకున్నాను, ఈ నెలంతా అన్నీ నా పనే అనుకున్నాను."

తర్వాత తప్పులు పూర్తిగా ఆగిపోలేదు, నిజం చెప్పాలి కదా. కానీ వారానికి ఒకటో రెండో. లావు పుస్తకంలో వందకి డెబ్భై ఆరు వచ్చిన ఆదివారం అత్తగారు కొడుకువైపు చూసి ఏదో అనబోయింది. "వద్దమ్మా" అన్నాడు ఆయన ముందే.

పరీక్షరోజు పొద్దున కూడా కబురక్క అట్ట రాసింది. బస్సెక్కేముందు దాన్ని భర్త చేత నాకు పంపింది. నేను దాన్ని తలుపుకి తగిలించి, ఆ తలుపు ముందే నిలబడి ప్రార్థన చేసుకున్నాను. పాసవ్వాలని అడగలేదు. ఆ ప్రశ్నల ముందు ఆమె కాళ్లు నిలబడాలని మాత్రం అడిగాను.

మర్నాడు వచ్చి చెప్పింది. వరసగా కంప్యూటర్లు, ఎవరి తెర వాళ్లది. ఇరవయ్యో ప్రశ్న దగ్గర నలుగురు రోగులిచ్చి ముందు ఎవరి దగ్గరికి వెళ్తావన్నారట. చెయ్యి విరిగి గట్టిగా ఏడుస్తున్న పిల్లాడు, వాంతులతో విసుక్కుంటున్న ఆయన, కట్టు తడిసిందని అరుస్తున్న ఆవిడ, ఉబ్బసంతో వచ్చి ఇందాకటిదాకా పిల్లికూతలు కూసి ఇప్పుడు చప్పుడు లేకుండా కూర్చున్న అమ్మాయి.

"అది చూడగానే నవ్వొచ్చింది వదినా. అరిచేవాళ్లకి ఊపిరుంది. ఆ చప్పుడు లేని పిల్లే ముందు. ఇది నాకు పుస్తకం చెప్పలేదు, వార్డు చెప్పింది."

"మరి ఆ మరక?"

"వచ్చింది. మూడు నాలుగుచోట్ల చెయ్యి ఆ జవాబు మీదికే వెళ్లింది. వెళ్లినప్పుడల్లా అత్తయ్య ఒక కన్ను తెరిచి చూస్తున్నట్టు అనిపించింది. ఆగి మళ్లీ చదివాను."

ఫలితం రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ కూడా ఆమె అట్ట రాయడం మానలేదు. "పరీక్ష అయిపోయిందిగా, ఇంకెందుకు?" అని వాచ్‌మెన్ అడిగితే "రోగాలు అయిపోయాయా?" అంది.

ఫలితం వచ్చిన సాయంత్రం డ్యూటీ దిగి ఎప్పట్లాగే నా ముందు నిలబడింది. ముఖంలో ఏమీ తెలీటం లేదు. "రెండు" అంది. అట్ట తిప్పాను. రెండే. బిస్కెట్ డబ్బాలో వేశాను.

"అది కూడా అయింది వదినా" అంది.

"ఏది?"

ఫోను తీసి నా చేతిలో పెట్టింది. పాసన్న ముక్క నేను చదివీ చదవకముందే నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. రెండుసార్లు తప్పినప్పుడు ఏడవని మనిషి. ఉతికిన తువాలు ఒకటి తీసి ఇచ్చాను, ముఖం తుడుచుకుని అలవాటుగా మాసినవాటిలో వేసింది.

ఆ రాత్రి వాళ్లింట్లో అత్తగారు కోడల్ని మంచం మీద కూర్చోబెట్టి, "రేపట్నుంచీ నేను చావను. ఇంక నిజమైనవాళ్లని చూసుకో" అందట.

కొత్త డ్యూటీ మొదలయ్యే రోజు తెల్లటి యూనిఫాం కోసం కబురక్క నా గదికి వచ్చింది. ఆమె కొలతది వారం ముందే తీసి, ఇస్త్రీ చేయించి, పైఅరలో విడిగా పెట్టాను. అది వేసుకుని అద్దంలో ఒక్కసారి చూసుకుని, జేబులో పెన్సిలు పెట్టుకుంది. అప్పుడే గలీబుల కోసం కొత్త ఆయా వచ్చింది. కబురక్క ఖాళీ చేసిన చోట చేరిన అమ్మాయి, చురుకైన పిల్ల. రెండు గలీబులు చంకలో పెట్టుకుని, "సిస్టరమ్మా, మూడో మంచం ఆయనకి ఎలాగో ఉందట, చిన్న సిస్టర్‌కి చెప్పొస్తా" అంటూ ఒక్క పరుగున వెళ్లిపోయింది.

కబురక్క ఆ పిల్ల వెళ్లినవైపు ఒక్కసారి చూసింది. వెంటనే తనూ మూడో మంచానికి వెళ్లింది. ఆయన్ని చూసుకుని తిరిగొచ్చి నా గుమ్మం దగ్గర ఆగింది.

"వదినా, నాకొక సాయం చెయ్యాలి."

"చెప్పు."

"ఆ తప్పుల కట్ట పారెయ్యలేదుగా?"

"పైనే ఉంది."

"రేపట్నుంచీ రోజుకొకటి ఈ తలుపుకి తగిలించు. నేను వేసిన అంకె చెరిపేసి పెట్టు. ఆ పిల్ల దుప్పట్ల కోసం వస్తుందిగా, చదవమని అడగకు, అదే చదువుతుంది. జవాబు అడిగితే మాత్రం, ఎంత బతిమాలినా, సాయంత్రం దాకా చెప్పకు వదినా."